బ్యాటరీ పోయిందనే ముందు ఒక్కసారి చూడండి



పోయిన పేరెంట్స్ మీటింగ్‌లో మార్కుల గురించి మాట్లాడటానికి వచ్చినవాళ్లలో ముగ్గురు నలుగురు, లేచి వెళ్లిపోతూ గుమ్మం దగ్గర ఆగి ఒకే ప్రశ్న అడిగారు. "మేడమ్, మీరు ఫిజికల్ సైన్స్ చెప్తారు కదా, మా ఇన్వర్టర్ పావుగంటకే ఆగిపోతోంది. బ్యాటరీ మార్చాల్సిందేనా?" అప్పుడు అందరికీ పూర్తిగా జవాబు చెప్పలేకపోయాను. పదో తరగతి పరీక్షలు, ఆ వెంటనే ఎండలు వస్తున్నాయి కాబట్టి ఈ నెల నాకిచ్చిన పేజీని దీనికే వాడుకుంటున్నాను.

ముందు మా ఇంట్లో జరిగింది చెప్తాను. మేముండేది అంబర్‌పేట్‌లో, రెండో అంతస్తు పోర్షన్. పోయిన మార్చిలో మా పిన్ని కొడుకు పదో తరగతి పరీక్షలకు మా ఇంట్లోనే ఉండి చదువుకున్నాడు. లెక్కల పరీక్ష ముందు రోజు రాత్రి ఎనిమిదిన్నరకు కరెంటు పోయింది. ఇన్వర్టర్ పది నిమిషాలు నడిచి, బీప్ బీప్ మని ఆగిపోయింది. ముప్పావుగంటకు వీధంతా కరెంటు వచ్చింది. మా వంటగదిలోనూ వచ్చింది. హాల్లో, బెడ్‌రూమ్‌లో మాత్రం రాలేదు. వాడు ఆ రాత్రి వంటగదిలో, గ్యాస్ బండ పక్కన పీట వేసుకుని చదువుకున్నాడు.

పొద్దున్నే మెకానిక్ వచ్చాడు. బ్యాటరీని గుమ్మం దగ్గర నుంచే చూసి, "పోయింది సార్, నాలుగేళ్లయింది కదా, పాతది ఇచ్చేస్తే పదమూడు వేలకు కొత్తది వేసేస్తా" అన్నాడు. మా నాన్న డబ్బులు తీయబోతుంటే సాయంత్రం వరకు ఆగమన్నాను. స్కూల్ నుంచి వచ్చాక ఇన్వర్టర్‌ను పక్కకు జరిపి వెనక చూశాను. వెనక ఫ్యూజు దగ్గర చిన్న నల్ల బటన్ ఒకటి బయటికి పొడుచుకు వచ్చి ఉంది. కరెంటు లోపలికి వచ్చే దారిలో ఎక్కువ లోడ్ పడితే తెగిపోయే స్విచ్ అది. వేలితో లోపలికి నొక్కాను. హాల్లో లైట్లు వెలిగాయి, చార్జింగ్ లైటు వచ్చింది. మర్నాడు పరీక్షించి చూస్తే నాలుగు గంటలకు పైగా నడిచింది.

అసలు ఏమైందంటే, ఆ రోజు మధ్యాహ్నం ఐరన్ బాక్స్, మిక్సీ రెండూ ఇన్వర్టర్ లైన్‌లో ఉన్న ప్లగ్గుల్లోనే పెట్టాం. కరెంటు ఉన్నప్పుడు కూడా ఆ లైన్‌కు వెళ్లే కరెంటు ఇన్వర్టర్ గుండానే వెళ్తుంది. లోడ్ ఎక్కువై బటన్ బయటికొచ్చింది. ఇంట్లో కరెంటు ఉన్నా, "కరెంటు పోయింది" అనుకుని ఇన్వర్టర్ మధ్యాహ్నం నుంచీ బ్యాటరీ మీదే నడిచింది. రాత్రి నిజంగా కరెంటు పోయేసరికి బ్యాటరీలో మిగిలింది పది నిమిషాల సరుకే. తప్పు బ్యాటరీది కాదు, మాది.

అందుకని మీరూ మొదట చూడాల్సింది ఇదే. వీధిలో అందరికీ కరెంటు ఉండి, ఇన్వర్టర్ మీద "మెయిన్స్" లైటు వెలగకపోతే బ్యాటరీని అనుమానించకండి. గోడ ప్లగ్గు ఊడిందేమో, ఆ ప్లగ్గు ఎంసీబీ పడిపోయిందేమో, ఇన్వర్టర్ వెనక బటన్ బయటికొచ్చిందేమో చూడండి. బటన్ నొక్కిన వెంటనే మళ్లీ బయటికొస్తుంటే మాత్రం రెండోసారి బలవంతంగా నొక్కకూడదు. లోడ్ అన్నా ఎక్కువై ఉండాలి, లోపల షార్ట్ అన్నా అయి ఉండాలి. ఐరన్ బాక్స్, గీజర్, మిక్సీ, ఫ్రిజ్ ఇన్వర్టర్ లైన్‌లో ఉండకూడదు. కొత్తగా అద్దెకు దిగిన ఇంట్లో ఏ ప్లగ్గు ఏ లైన్‌లో ఉందో తెలియదు కాబట్టి, ఓ ఆదివారం మెయిన్ కట్టేసి ఏవి పనిచేస్తున్నాయో చూసి, ఆ స్విచ్‌బోర్డుల మీద చిన్న స్టిక్కర్లు అతికించండి. ఈ పనికి పిల్లల్ని తోడు పెట్టుకోవచ్చు, వాళ్లకు సరదాగా కూడా ఉంటుంది.

మూడు గంటలు వస్తుందన్నారు, గంటే వస్తోంది

ఎక్కువమంది అడిగింది ఇది. దీనికి జవాబు ఎనిమిదో తరగతి లెక్కే.

మన ఇళ్లలో మామూలుగా ఉండేది 12 వోల్టుల, 150 ఏహెచ్ ట్యూబులర్ బ్యాటరీ. రెండూ గుణిస్తే 1800 వాట్-అవర్లు. ఇందులో అంతా మన చేతికి రాదు. బ్యాటరీని అడుగంటా ఖాళీ చేయకుండా ఇన్వర్టర్ ముందే ఆపేస్తుంది, 12 వోల్టులను 230 వోల్టులుగా మార్చడంలో కొంత వేడి రూపంలో పోతుంది. బ్యాటరీ కొత్తదైనా సుమారు 1100 అనుకుని లెక్క వేసుకోవడం మంచిది.

మామూలు సీలింగ్ ఫ్యాన్ 75 వాట్లు తీసుకుంటుంది. రెండు ఫ్యాన్లు, 20 వాట్ల ఎల్‌ఈడీ ట్యూబులు మూడు, వైఫై రౌటర్ కలిపితే 220 వాట్లు. 1100ని 220తో భాగిస్తే 5 గంటలు. ఇప్పుడు దీనికి 100 వాట్ల టీవీ, 180 వాట్ల డెస్క్‌టాప్ కంప్యూటర్ కలపండి. 500 వాట్లయింది, అంటే రెండు గంటలకు కాస్త పైన. నిజానికి అంత కూడా రాదు. డబ్బా మీద 150 పక్కన సీ20 అని రాసి ఉంటే, 20 గంటల పాటు మెల్లగా, ఏడున్నర ఆంపియర్ల చొప్పున వాడితే 150 వస్తుందని అర్థం. 500 వాట్ల లోడ్‌కు బ్యాటరీ సుమారు 50 ఆంపియర్లు ఇవ్వాలి. అంత వేగంగా లాగితే లెడ్ యాసిడ్ బ్యాటరీ తనలో ఉన్నదంతా ఇవ్వలేదు.

కాబట్టి బ్యాకప్ తగ్గిందనిపిస్తే, కొన్నప్పటి నుంచి ఇప్పటి వరకు ఇంట్లో ఏమేం పెరిగాయో ముందు లెక్కపెట్టండి. రెండు పాత ఫ్యాన్ల స్థానంలో 30 వాట్ల లోపు తీసుకునే బీఎల్‌డీసీ ఫ్యాన్లు పెడితే పై లెక్కలో 220 కాస్తా 130 అవుతుంది. అదే బ్యాటరీ ఎనిమిది గంటలు వస్తుంది. ఫ్యాన్ల ఖర్చు ఎక్కువే అయినా కొత్త బ్యాటరీ కంటే తక్కువ, నెలనెలా కరెంటు బిల్లూ తగ్గుతుంది.

ఇంకో సంగతి. ఖాళీ అయిన ఈ బ్యాటరీ మళ్లీ నిండటానికి పది, పన్నెండు గంటలు పడుతుంది. ఏప్రిల్, మే నెలల్లో గాలివాన వచ్చి సాయంత్రం మూడు గంటలు, మళ్లీ రాత్రి రెండు గంటలు కరెంటు పోతే, రెండోసారికి బ్యాటరీ సగం కూడా నిండి ఉండదు. అది జబ్బు కాదు. అలాంటి రోజు టీవీ కట్టేయడం ఒక్కటే మందు.

నీళ్ల దగ్గరే అసలు కథ

2012, 2013 వేసవుల్లో గంటల తరబడి కోతలు పడినప్పుడు హైదరాబాద్‌లో చాలా ఇళ్లకు ఇన్వర్టర్లు వచ్చాయి. అప్పట్లో రోజూ వాడేవాళ్లం కాబట్టి బ్యాటరీ నీళ్లు గుర్తుండేవి. ఇప్పుడు కోతలు అంతగా లేవు. బ్యాటరీ మెట్ల కింద, చెప్పుల స్టాండ్ పక్కన దుమ్ము పట్టి ఉంటుంది. "వాడటమే లేదు కదా, నీళ్లెందుకు తగ్గుతాయి?" అని మా కింది పోర్షన్ ఆంటీ అడిగారు. వాడకపోయినా తగ్గుతాయి. చార్జర్ రాత్రీపగలూ బ్యాటరీకి కొద్దికొద్దిగా కరెంటు ఇస్తూనే ఉంటుంది. ఆ కరెంటుకు లోపలి నీళ్లు హైడ్రోజన్, ఆక్సిజన్‌గా విడిపోయి పైకి పోతాయి. మీ పిల్లలు స్కూల్ ల్యాబ్‌లో చూసే నీటి విద్యుద్విశ్లేషణ ప్రయోగం మీ మెట్ల కింద రోజూ జరుగుతోందన్నమాట. మన ఎండలకు ఇంకాస్త తొందరగా జరుగుతుంది.

నీళ్లు తగ్గి లోపలి సీసం పలకలు గాలికి బయటపడితే ఆ భాగం పాడైపోతుంది. తర్వాత ఎన్ని నీళ్లు పోసినా ఆ నష్టం పూర్తిగా పూడదు. మంచి బ్యాటరీలు తొందరగా పోవడానికి నాకు తెలిసి పెద్ద కారణం ఇదే. ఎండాకాలంలో నెలకోసారి, మిగతా రోజుల్లో రెండు మూడు నెలలకోసారి పైన ఉన్న ఆరు తేలే గొట్టాలను చూడండి. ఎర్ర గీతకు దిగితే నీళ్లు కావాలి. ఆకుపచ్చ గీత వరకు పోసి ఆపాలి. నిండుగా పోస్తే చార్జింగ్‌లో పొంగి యాసిడ్ బయటికి కారుతుంది.

పోయాల్సింది డిస్టిల్డ్ వాటర్ మాత్రమే. బోరు నీళ్లలో, కుళాయి నీళ్లలో ఉండే కాల్షియం, ఇనుము, క్లోరైడ్లు పలకలకు శత్రువులు. "మా ఇంట్లో ఆర్వో ఉంది కదా" అంటారు చాలామంది. ఆర్వో తాగడానికి, బ్యాటరీకి కాదు. అందులోనూ లవణాలు కొంత మిగులుతాయి. ఏసీ పైపు నుంచి కారే నీళ్లు పట్టి పోసేవాళ్లూ ఉన్నారు. ఆ నీళ్లు ఆవిరి నుంచి వచ్చినవే అయినా, కాయిల్ మీది దుమ్మును, లోహాన్ని కడుక్కుని వస్తాయి. వాటి జోలికి వెళ్లకండి. అలాగే యాసిడ్ ఎప్పుడూ పోయకూడదు. తగ్గింది నీళ్లే, లోపలి యాసిడ్ లోపలే ఉంటుంది.

నీళ్లు పోసే పని పిల్లలకు చెప్పవద్దు. ఇక్కడ మాత్రం టీచర్‌గా గట్టిగానే అంటున్నాను. ఈ మధ్య మా క్లాసులో ఒక బాబు యూనిఫామ్ ప్యాంటుకు చిల్లులు కనిపించి అడిగితే, "బ్యాటరీకి నీళ్లు పోశాను మేడమ్" అన్నాడు. మూత తీసి లోపలికి తొంగి చూశాడట. చిల్లులు ప్యాంటుతో ఆగాయి, కంటి దాకా రాలేదు. ఇంట్లో పెద్దవాళ్లే కళ్లజోడు, రబ్బరు గ్లోవ్స్ వేసుకుని, ఇన్వర్టర్ స్విచ్ కట్టేసి, గోడ ప్లగ్గు తీసేసి ఈ పని చేయాలి. ఆ సమయంలో దగ్గర్లో దీపం, అగరుబత్తి, సిగరెట్ ఉండకూడదు. గాలిలో హైడ్రోజన్ 4 శాతం చేరితే చాలు, నిప్పురవ్వకు అంటుకుంటుంది. బ్యాటరీని తలుపులు మూసిన అల్మరాలో, దేవుడి గూడు కింద పెట్టవద్దనేది కూడా ఇందుకే.

యాసిడ్ ఒంటి మీద పడితే ఆలస్యం చేయకుండా ధారగా నీళ్లతో కడగాలి. కంట్లో పడితే రెప్పలు తెరిచి ఉంచి 15, 20 నిమిషాలు నీళ్లు పోస్తూనే ఉండాలి, ఆ తర్వాత నేరుగా కంటి ఆసుపత్రికి. కంట్లో సోడా కలిపిన నీళ్లు, పాలు, చుక్కల మందులు ఏవీ వేయవద్దు. నేల మీద ఒలికిన యాసిడ్ మీద మాత్రం వంట సోడా చల్లవచ్చు.

తెల్లపొడి, ఫ్యాన్ మోత, కంప్యూటర్

బ్యాటరీ రెండు టెర్మినల్స్ దగ్గర తెల్లగా, పచ్చగా పొడి పేరుకుంటే కరెంటు రావడానికీ పోవడానికీ దారి ఇరుకవుతుంది. చార్జింగ్ సరిగా ఎక్కదు, లోడ్ వేయగానే ఇన్వర్టర్ ఆగిపోతుంది, ఆ చోట వైరు వేడెక్కుతుంది. బ్యాటరీ పోయిందన్న ఫిర్యాదుల్లో కొన్ని ఇక్కడే తీరిపోతాయి. ఇన్వర్టర్ కట్టేసి, ప్లగ్గు తీసి, నల్లవైరు ముందు, ఎర్రవైరు తర్వాత విప్పండి. వేడినీళ్లలో వంట సోడా కలిపి పాత టూత్‌బ్రష్‌తో రుద్దండి. బ్యాటరీ మూతలు గట్టిగా మూసి ఉండాలి, సోడా లోపల పడకూడదు. ఆరాక ఎర్రవైరు ముందు, నల్లవైరు చివర బిగించి పైన వాసెలిన్ రాయండి. ఉంగరం, గాజులు, వాచీ తీసేయండి. పానా పిడికి ఇన్సులేషన్ టేపు చుట్టండి. అది పొరపాటున రెండు టెర్మినల్స్‌నూ తాకితే వందల ఆంపియర్లు ఒక్కసారి పారి ఇనుము ఎర్రగా కాలుతుంది. మీకు ఇదంతా చేయి తిరగని పని అనిపిస్తే ఎలక్ట్రీషియన్‌తోనే చేయించండి, మీ ఎదుట.

ఇన్వర్టర్ మీద ఫ్యాన్ జుమ్మని మోగితే అది స్క్వేర్ వేవ్ రకం కావచ్చు. అది దాని స్వభావం, రోగం కాదు. ఈసారి కొనేటప్పుడు సైన్ వేవ్ అడగండి.

ఆన్‌లైన్ క్లాసు మధ్యలో కరెంటు పోగానే కంప్యూటర్ ఆగి మళ్లీ మొదలవుతోందా? చాలా ఇన్వర్టర్ల వెనక గానీ ముందు గానీ ఒక చిన్న స్విచ్ ఉంటుంది, యూపీఎస్ అని ఒక వైపు, నార్మల్ అనో ఈకో అనో ఇంకో వైపు. యూపీఎస్ వైపు పెడితే రెప్పపాటు కంటే వేగంగా బ్యాటరీకి మారుతుంది, కంప్యూటర్ ఆగదు. కానీ దీనికి ఇంకో ముఖం ఉంది. వీధిలో ఏసీలన్నీ నడిచే సాయంత్రాల్లో వోల్టేజ్ 180 ప్రాంతానికి పడిపోతే, యూపీఎస్ మోడ్‌లో ఉన్న ఇన్వర్టర్ ఆ కరెంటును ఒప్పుకోదు. ఇంట్లో కరెంటు ఉన్నా బ్యాటరీ మీద నడుస్తుంది, బ్యాటరీ ఖాళీ అవుతుంది. కంప్యూటర్ లేని ఇళ్లలో నార్మల్‌లో ఉంచుకుంటే ఈ బాధ తగ్గుతుంది. రోజూ వోల్టేజ్ అలా పడుతుంటే 1912కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి.

మెయిన్ కట్టేసినా ఇంట్లో కరెంటు ఉంటుంది

ఈ ఒక్క సంగతి ఇంట్లో అందరికీ, నానమ్మ తాతయ్యలతో సహా, తెలియాలి. మెయిన్ స్విచ్ కట్టేస్తే వీధి కరెంటు ఆగుతుంది. అది ఆగడమే ఇన్వర్టర్‌కు మేలుకొలుపు. రెండో క్షణంలో అది తన లైన్‌లోకి 230 వోల్టులు పంపుతుంది. బ్యాటరీ 12 వోల్టులే కదా అని ధైర్యంగా ఉండవద్దు, గోడలో ఉన్నది 230. ట్యూబ్‌లైట్ హోల్డర్ విప్పాలన్నా, స్విచ్‌బోర్డు తెరవాలన్నా ముందు ఇన్వర్టర్ స్విచ్, తర్వాత మెయిన్, రెండూ కట్టేయాలి.

వానాకాలంలో ఇది ఇంకా ముఖ్యం. 2020 అక్టోబరు వానల్లో నగరంలో ఎన్నో బస్తీల్లోకి నీళ్లు వచ్చాయి. మనది మూసీకి దగ్గరి ఊరు. గ్రౌండ్ ఫ్లోర్‌లో ఉండేవాళ్లు బ్యాటరీని నేల మీద కాకుండా ఎత్తయిన స్టాండ్ మీద పెట్టించండి. నీళ్లు లోపలికి రావడం మొదలవగానే ఇన్వర్టర్ కట్టేయండి. ఇప్పటికే నీళ్లలో మునిగి ఉంటే దాని దగ్గరికి వెళ్లకండి.

నిజంగా పోయిందని ఎలా తెలుస్తుంది

బ్యాటరీలూ పోతాయి. బాగా చూసుకుంటే ఐదారేళ్లు, కొన్ని ఇంకాస్త ఎక్కువ. కానీ గుమ్మం దగ్గర నుంచి చూస్తే తెలియదు. లోపల ఆరు సెల్స్ ఉంటాయి, ఒక్కోటి సుమారు 2.1 వోల్టులు. పూర్తిగా చార్జ్ చేసి, వైర్లు తీసి, కొన్ని గంటలు ఊరకే ఉంచాక మల్టీమీటర్ పెడితే 12.6 దగ్గర చూపాలి. 10.5 దగ్గర చూపితే ఒక సెల్ పోయిందని అనుమానం. మెకానిక్ దగ్గర హైడ్రోమీటర్ ఉంటుంది, చిన్న గాజు గొట్టం. దానితో ఆరు సెల్స్‌లోనూ విడివిడిగా చూడమనండి. నిండా చార్జ్ అయ్యాక కంపెనీని బట్టి 1.240 నుంచి 1.280 మధ్య రావాలి. ఐదింటిలో 1.240 వచ్చి ఒక్కదానిలో 1.150 వస్తే ఆయన మాట నిజమే. ఆరూ సమానంగా తక్కువ ఉంటే చార్జింగ్ సరిపోలేదేమో, ఇంకో రోజు చార్జ్ పెట్టి మళ్లీ చూడాలి. హైడ్రోమీటర్ తీయకుండా బ్యాటరీ పోయిందన్న మెకానిక్‌ను మళ్లీ పిలవక్కర్లేదని నా అభిప్రాయం.

కుళ్లిన గుడ్డు వాసన వచ్చినా, డబ్బా పక్కలు ఉబ్బినా, చేయి పెట్టలేనంత వేడిగా ఉన్నా మాత్రం ఈ పరీక్షలేవీ వద్దు. ఇన్వర్టర్ కట్టేసి, ప్లగ్గు తీసి, కిటికీలు తెరిచి, సర్వీసు వాళ్లను పిలవండి. ఈ మధ్య వస్తున్న లిథియం బ్యాటరీలకు నీళ్లు పోసే పని లేదు, వాటి డబ్బాను ఎప్పుడూ విప్పకూడదు.

మార్చాల్సే వస్తే ముందు వారంటీ కార్డు వెతకండి. మూడు నుంచి ఐదేళ్ల వారంటీ ఉన్న బ్యాటరీకి పూర్తి డబ్బు పెట్టిన ఇళ్లు నాకు తెలుసు, కార్డు ఎక్కడుందో గుర్తులేక. పాతదాన్ని తోపుడు బండి వాళ్లకు అమ్మకండి. దాన్ని పగలగొట్టి యాసిడ్ మోరీలో పోసి సీసం కరిగించే చోట మొదట నష్టపోయేది పక్కన ఆడుకునే పిల్లలే. సీసం ఇంత వరకు ఫర్వాలేదు అనే హద్దే లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది. 2022లో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం కూడా పాత బ్యాటరీ తిరిగి తీసుకునే ఏర్పాటులోకే వెళ్లాలి. కొత్తది కొన్న షాపులోనే ఇచ్చి ధర తగ్గించుకుని, ఆ తగ్గింపును బిల్లులో రాయించుకోండి.

మా నాన్న ఇప్పుడు నీళ్లు పోసిన తేదీని బ్యాటరీ మీద మార్కర్‌తో రాస్తున్నారు. పక్కనే ఫ్యాన్లు ఎన్ని గంటలు నడిచాయో కూడా. నెలకోసారి, ఆదివారం పొద్దున, మెయిన్ కట్టేసి అరగంట చూస్తారు. పరీక్షలున్న ఇళ్లవాళ్లు ఈ ఆదివారమే ఆ అరగంట చూసుకుంటే, ఏదైనా తేడా ఉన్నా బాగుచేయించుకోవడానికి ఇంకా రోజులున్నాయి.